నోరెత్తని జంట

రెండేళ్ల క్రిందట సంక్రాంతి సెలవులకు పిల్లలందరూ నర్సీపట్నంలో మా ఇంటికి చేరారు. ముక్కనుమ వెళ్లగానే "లంబసింగి వెళదాం" అని ఒకటే గోల. నర్సీపట్నంలో కాపురముండేవాళ్లకు లంబసింగి పెరట్లో చెట్టులాంటిది. ఎప్పుడైనా వెళ్లవచ్చులే అని ఎన్నడూ వెళ్లం. సరే, ఈసారి చింతపల్లి బస్సెక్కాం. ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిప్పి, సముద్రమట్టానికి ఇంచుమించు 1000 మీటర్ల ఎత్తున బస్సు మమ్మల్ని దింపింది. ఆ వూరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట వున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ చేసిన పని ఒకటే. రగ్గులోంచి లేవటం, వణుక్కుంటూ బయటికి పరుగెత్తటం, వచ్చి మళ్లీ ముడుచుకోవటం. తెల్లవారి నెగడు చుట్టూ కూర్చున్నప్పుడు మా చిన్నమ్మాయి అడిగింది:

"నాన్నా! నిన్న సాయంత్రం నుంచి నేను ఒక్క గ్లాసు నీళ్లే తాగాను. మరి నాలుగుసార్లు ఎందుకు లేచాను? ఆ నీళ్లన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

అందరూ ఫక్కున నవ్వారు. మా నాన్నగారు దాన్ని దగ్గరికి తీసుకుని, "నువ్వు నాలుగే లేచావు, నేను అయిదుసార్లు లేచానమ్మా! చలి తల్లీ, చలి!" అన్నారు.

చలే అనుకున్నాం. కొండ దిగి ఇంటికి వచ్చాం. మా అందరి సంగతీ ఆ రాత్రితో సరి. నాన్నగారు మాత్రం మాఘమాసం వెళ్లినా, ఎండలు ముదిరినా, రాత్రి నాలుగైదుసార్లు లేస్తూనే వున్నారు. "వయసురా" అన్నారాయన. "వయసే" అన్నాం మేము. అది వయసు ఒక్కటే కాదని తెలియటానికి ఉగాది దాటవలసి వచ్చింది.

ఆ కథ చివర చెబుతాను. ముందు మా చిన్నదాని ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. నవ్వి వూరుకోవలసిన ప్రశ్న కాదది.

వీపు వెనుక కాపురం

ఎవరినైనా కోప్పడేటప్పుడు నడుం మీద రెండు చేతులూ పెట్టుకుంటాం కదా! అలా నిలబడండి. బొటనవేళ్లు వీపువైపు వుంటాయి. ఆ బొటనవేళ్లకు కాస్త పైన, చివరి ప్రక్కటెముకల చాటున, వెన్నెముకకు చెరొక ప్రక్కా మూత్రపిండాలు వున్నాయి. చూడటానికి చిక్కుడుగింజ ఆకారం, ముదురు గోధుమ ఎరుపు. పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. బరువు ఒక్కొక్కటి 150 గ్రాములు. కుడిదానిపైన కాలేయం కూర్చుని వుంటుంది గనుక, అది ఎడమదాని కంటె కొంచెం దిగువన సర్దుకుంటుంది.

రెండూ కలిసి 300 గ్రాములు. అంటే 60 కిలోల మనిషి బరువులో 200వ వంతు. కాని తీసుకునే వాటా చూడండి! మనం వూరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోడి పోస్తుంది. అందులో ఒక లీటరుకు పైగా, అంటే అయిదో వంతు కంటె ఎక్కువ, ఈ రెండు గింజలకే పోతుంది. 200వ వంతు బరువున్నవాళ్లకు అయిదో వంతు భోజనమా అని ఎవరైనా అడగవచ్చు. అది వాళ్లు తినటానికి కాదు, కడగటానికి.

నిత్యభోగి

ఇల్లు శుభ్రం చెయ్యటానికి రెండు పద్ధతులున్నాయి. అలమరలో చెయ్యి పెట్టి, పనికిరాని వస్తువు ఒక్కొక్కటే వెతికి పట్టుకుని బయట పారెయ్యటం ఒకటి. భోగిపండుగ ముందు మన ఇళ్లలో ఆడవాళ్లు చేసే పద్ధతి మరొకటి: గదిలో వున్నదంతా వీధి అరుగు మీదకు తెచ్చి పోస్తారు, కావలసినవి ఏరి మళ్లీ లోపల సర్దుతారు, అరుగు మీద మిగిలినది భోగిమంటకు పోతుంది.

మూత్రపిండాలది ఈ రెండో పద్ధతి. తేడా ఏమంటే మనకు భోగి ఏడాదికి ఒక్కసారి; వాటికి రోజుకు అరవైసార్లు.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల వడపోత యంత్రాలున్నాయి. వీటిని నెఫ్రానులంటారు. ఒక్కొక్క నెఫ్రాను మొదట్లో వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు చిన్న దారపుండలా చుట్టుకుని వుంటాయి. ఇటలీ దేశస్థుడు మాల్పీగీ 1666లోనే సూక్ష్మదర్శినిలో ఈ వుండల్ని చూశాడు. వాటిచుట్టూ వున్న గిన్నెలాంటి తొడుగు ఏమిటో 1842లో ఇంగ్లండులో బౌమన్ అనే యువవైద్యుడు స్పష్టంగా చూపించాడు. అందుకే దానిని నేటికీ బౌమన్ గుళిక అంటారు.

రక్తం ఆ వుండలో నుంచి వత్తిడితో ప్రవహించేటప్పుడు, నీరూ, నీటిలో కరిగిన చిన్న చిన్న పదార్థాలూ నాళాల గోడలలోంచి గిన్నెలోకి దిగుతాయి. రక్తకణాలూ, మాంసకృత్తులూ పెద్దవి గనుక ఆ జల్లెడలో పట్టక రక్తంలోనే వుండిపోతాయి. ఇలా నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు వడపోతకు దిగుతుంది. 15 లీటర్ల బిందెలతో కొలిస్తే 12 బిందెలు! మన ఒంట్లో రక్తద్రవం మొత్తం మూడు లీటర్లే. అంటే అదే ద్రవం రోజుకు 60 సార్లు అరుగు మీదకు వచ్చి వెడుతున్నదన్నమాట.

ఆ 12 బిందెల నీటిలో ఏమేం పోతున్నాయో ఇల్లాళ్లు వింటే గుండె గుభేలుమంటుంది. కిలోన్నర ఉప్పు! 180 గ్రాముల చక్కెర! అదంతా నిజంగా బయటికే పోతే పూటలోనే ప్రాణం పోతుంది. కాని గిన్నె క్రింద ఒక పొడుగాటి సన్నని గొట్టం మెలికలు తిరుగుతూ వుంటుంది. సర్దుడు పని దానిది. మొదటి మెలికలోనే మూడింట రెండు వంతుల నీరూ, ఉప్పూ రక్తంలోకి తిరిగి వెడతాయి. చక్కెర ఆఖరు పలుకు వరకు లోపలికి పోతుంది. చివరకు 180 లీటర్లలో బయటికి వచ్చేది ఒకటిన్నర లీటరు. మాంసకృత్తులు జీర్ణమై ఖర్చయినాక మిగిలే యూరియా, యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్, అక్కరలేని ఉప్పు — ఇవి అందులో కరిగి వుంటాయి.

ఇంత హైరానా ఎందుకు, చెత్త మాత్రమే ఏరి పారవెయ్యకూడదా అనిపిస్తుంది. ఇందులో గొప్ప తెలివి వుంది. చెత్త ఎన్ని రకాలుగా వుంటుందో ఎవరికి తెలుసు? నిన్న మొన్న కనిపెట్టిన కొత్త మందు ఒంట్లోకి వచ్చిందనుకోండి. దాన్ని గుర్తుపట్టనక్కరలేదు. కావలసినవాటి పేర్లు తెలిసి వుంటే చాలు. లోపలికి రమ్మని పిలుపు అందనిది ఏదైనాసరే చాలావరకు తనంతట తానే బయటికి పోతుంది.

అయితే సర్దేవాళ్ల చేతులకూ ఒక పరిమితి వున్నది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు మించితే ఆ గొట్టాలు అంతా ఎత్తిపెట్టలేవు. మిగిలినది మూత్రంలో పోతుంది. మూత్రం చుట్టూ చీమలు చేరటం చూసి మన ప్రాచీన వైద్యులు మధుమేహమని పేరు పెట్టింది ఇందుకే.

కాలువ లస్కరు

ఇప్పుడు చిన్నదాని ప్రశ్నకు వద్దాం. నీళ్లు తాగకపోయినా అన్నిసార్లు ఎందుకు లేచింది?

మా ప్రాంతంలో తాండవ జలాశయం వున్నది. కాలువ తూముల దగ్గర లస్కరు వుంటాడు. పైనుంచి వచ్చే హుకుం ప్రకారం తలుపు ఎత్తుతాడు, దింపుతాడు. మూత్రపిండంలోనూ అలాంటి ఏర్పాటే వున్నది. నెఫ్రాను గొట్టం మధ్యలో పొడుగ్గా క్రిందికి దిగి మళ్లీ పైకి లేచే ఒక మెలిక వుంది. హెన్లీ శిక్యం అంటారు దాన్ని. అది మూత్రపిండం లోపలి భాగాన్ని ఉప్పుమడిలా తయారుచేసి పెడుతుంది. చివరి గొట్టాలు ఆ ఉప్పుమడిలో నుంచే బయటికి రావాలి. గొట్టం గోడలో నీటి తలుపులు తెరిస్తే, ఆ ఉప్పదనం నీటిని పీల్చి రక్తంలోకి పంపుతుంది; మూత్రం చిక్కనవుతుంది. తలుపులు మూస్తే నీరు నీరుగానే బయటికి పోతుంది.

ఆ తలుపులు తియ్యమని హుకుం మెదడు నుంచి వస్తుంది. హుకుం తెచ్చే బంట్రోతు వాసోప్రెసిన్ అనే హార్మోను. వైశాఖమాసంలో నర్సీపట్నం ఎండలో తిరిగి, చెమట ధారలు కట్టినప్పుడు, రక్తం కాస్త చిక్కబడిందని మెదడు గ్రహిస్తుంది. వెంటనే బంట్రోతును పంపుతుంది: "ఒక్క చుక్క వృథా పోరాదు." ఆనాడు మూత్రం కొద్దిగా, ముదురు పసుపుగా వస్తుంది. దానితోపాటు దాహం కూడా పుడుతుంది.

పుష్యమాసంలో లంబసింగిలో జరిగేది దీనికి తలక్రిందులు. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి బయటికి పోకుండా. అక్కడి రక్తం లోపలికి, గుండె దగ్గరికి చేరుతుంది. అది చూసి ఒంట్లో నీరు ఎక్కువైందనుకుంటుంది శరీరం. బంట్రోతును ఆపేస్తుంది. నీటి తలుపులు మూసుకుంటాయి. నీరు మూత్రాశయంలోకి దిగుతుంది. చెమట ఎలాగూ లేదు. అంచేత అమ్మాయి నాలుగుసార్లు లేచింది. ఆ నీళ్లు నిన్న సాయంత్రం గ్లాసులోవి కావు. ఒంట్లో సగానికి పైగా నీరే. ఆ నిల్వలోంచి వచ్చినవి. చలిలో దాహం తెలియకపోయినా నీళ్లు తాగాలనటం ఇందుకే.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆరోగ్యవంతుడికి రాత్రిపూట మూత్రం తగ్గి చిక్కబడుతుంది. అందుకే ఏడు గంటలు కదలకుండా నిద్రపోగలం. మూత్రపిండం దెబ్బతింటే మొట్టమొదట పోయే విద్యలలో ఈ చిక్కబరిచే విద్య ఒకటి. అప్పుడు పగలూ రాత్రీ తేడా లేక, పలచగా, ఎక్కువసార్లు వస్తుంది. మగవాళ్లలో ప్రోస్టేటు గ్రంథి పెరిగినా, చక్కెర వ్యాధి వున్నా రాత్రిళ్లు లేవవలసి వస్తుంది. ఏది కారణమో వైద్యుడు తేల్చాలి. "వయసు" అని మనం తేల్చకూడదు.

బస్సు ప్రయాణం బాధ

తయారైన మూత్రం చెరొక నాళంలో క్రిందికి బయలుదేరుతుంది. ఈ నాళాలు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటాయి. కొళాయి గొట్టంలో నీళ్లలా జారటం కాదు. నాళం గోడలే అలలు అలలుగా ముడుచుకుంటూ తోస్తాయి. అందుకే మనం పడుకున్నా, తలక్రిందులుగా వేళ్లాడినా మూత్రం మూత్రాశయానికే చేరుతుంది. మూత్రాశయం గోడలోకి ఈ నాళాలు ఏటవాలుగా దూరతాయి. సంచి నిండి వత్తిడి పెరిగితే ఆ దారి దానంతట అదే నొక్కుకుపోయి, మూత్రం వెనక్కు ఎగదన్నదు.

సంచిలో 150, 200 మిల్లీలీటర్లు చేరితే మొదటి కబురు వస్తుంది. 400, 500 చేరితే ఇక ఆగటం కష్టం. క్రింద రెండు తాళాలున్నాయి. ఒకటి మన మాట వినదు. రెండోది మన అధీనంలో వుంటుంది. పసివాళ్లకు ఆ రెండో తాళం వేయటం రెండు మూడేళ్లకు గాని పట్టుబడదు. అంచేత పక్క తడిపిన పసివాణ్ణి కొట్టి ప్రయోజనం లేదు.

ఇక ఆడవాళ్లతో ఒక మాట. దూరప్రయాణమంటే పొద్దుటి నుంచి నీళ్లు ముట్టని తల్లులు ఎంతమందో! దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదని భయం. బడులలో అదే భయంతో సాయంత్రం దాకా నోరు కట్టుకునే ఆడపిల్లలు వున్నారు. తప్పు వాళ్లది కాదు. కాని దెబ్బ తగిలేది వాళ్లకే. స్త్రీలలో మూత్రం బయటికి వచ్చే మార్గం 4 సెంటీమీటర్లే. పురుషులలో సుమారు 20. సూక్ష్మజీవులకు స్త్రీలలో పైకి ఎక్కటం సులభం. తరచుగా మూత్రం పోవటమే వాటిని కడిగివేసే ఉపాయం. బిగబట్టి, నీళ్లు మానితే అవి నిలదొక్కుకుంటాయి. మంట, చలిజ్వరం, నడుములో నొప్పి వస్తే అవి మూత్రపిండాల దాకా ఎక్కాయని అనుమానించాలి. చిక్కని మూత్రంలో రాళ్లు కట్టటం కూడా సులువే. బడికి నల్లబల్ల ఎంత ముఖ్యమో మరుగుదొడ్డీ అంతే ముఖ్యం. పిల్లల బడి చూడటానికి వెళ్లిన తండ్రులు ఆ తలుపు కూడా ఒకసారి తెరిచి చూడాలి.

చాటుమాటు ఉపకారాలు

మూత్రపిండాలు కడిగే పనివాళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎముకల మూలుగకు ఎర్రకణాలు తయారుచెయ్యమని ఉత్తరం రాసేది ఇవే. ఆ ఉత్తరం పేరు ఎరిత్రోపోయెటిన్. ఎండ వల్ల ఒంట్లో పుట్టే డి విటమినుకు చివరి మెరుగు పెట్టి, ఎముకలకు పనికివచ్చేటట్టు చేసేవీ ఇవే. రక్తపు పోటును సరిచూసే రెనిన్ ఇక్కడిదే. రక్తంలో ఆమ్లం పేరుకోకుండా కాపాడేదీ ఇవే. అందుకే ఇవి చెడిన మనిషి పాలిపోతాడు, ఎముకలు నొప్పులంటాడు, రక్తపు పోటు పెరుగుతుంది.

సగం పోయినా చప్పుడు లేదు

భగవంతుడు ఈ అవయవం విషయంలో ధారాళంగా ఇచ్చాడు. ఒక్క మూత్రపిండంతో మనిషి నిండునూరేళ్లు బ్రతకవచ్చు. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే ఒక కవల సోదరుడి మూత్రపిండాన్ని రెండోవాడికి అమర్చాడు. విజయవంతమైన మొదటి మూత్రపిండ మార్పిడి అదే. తీసుకున్న సోదరుడు ఎనిమిదేళ్లు బ్రతికాడు. ఇచ్చిన సోదరుడు ఒక్కదానితోనే 2010 దాకా, 79 ఏళ్లు జీవించాడు. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాని ఆ ధారాళమే మన ప్రాణం మీదకు తెస్తుంది. పన్ను పుచ్చితే నొప్పి పెడుతుంది. కడుపు చెడితే కేక పెడుతుంది. నెఫ్రానులు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుని నోరెత్తకుండా చేస్తాయి. సగం పోయినా మనిషికి ఏమీ తెలియదు. కాళ్లు వాచి, ఆకలి చచ్చి, ఆయాసం వచ్చేసరికి చాలాసార్లు ముప్పాతిక వంతుకు పైగా పోయి వుంటుంది. పోయిన నెఫ్రాను మళ్లీ మొలవదు.

మరి ముందుగా తెలుసుకోవటమెలా? రక్తంలో క్రియాటినిన్ కొలవాలి. ఈ మాట వెనుక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు. చేతిలో డబ్బు లేక, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధించాడు. ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నాడు. కండరం ఉన్నట్టుండి పని చెయ్యవలసి వస్తే ఖర్చుపెట్టే చిల్లరడబ్బు అది.

పొయ్యిలో కట్టె కాలితే బూడిద మిగిలినట్టు, కండరాలలోని ఈ నిల్వలోంచి రోజూ నూటికి రెండు వంతుల లోపు క్రియాటినిన్‌గా మారి రక్తంలో పడుతుంది. రోజూ ఇంచుమించు ఒకే కొలత. దాన్ని తోసివెయ్యవలసినవి మూత్రపిండాలే. కనుక అది రక్తంలో పేరుకుంటున్నదంటే ఊడ్చేవాళ్లు తగ్గారని అర్థం. పెద్దవాళ్లలో సాధారణంగా డెసిలీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాముల మధ్య వుంటుంది. 1 వున్నది 2 అయితే "ఒక్కటేగా పెరిగింది" అనుకోరాదు. దాదాపు సగం శక్తి పోయిందని లెక్క. అంతకు ముందే హెచ్చరించే పరీక్ష ఇంకొకటి వుంది: మూత్రంలో ఆల్బుమిన్. జల్లెడ చిరిగితేనే ఆ మాంసకృత్తి బయటికి వస్తుంది.

రెండు మూత్రపిండాలూ పోయినవాళ్లకు యంత్రంతో రక్తం కడగటం డయాలిసిస్. 1943లో, జర్మన్ సేనల ఆక్రమణలో వున్న హాలెండులో, కోల్ఫ్ అనే వైద్యుడు మాంసపు వంటకానికి తొడిగే సెల్లోఫేన్ గొట్టాలు తెచ్చి, గుండ్రటి పీపాకు చుట్టి మొదటి యంత్రం చేశాడు. 1945లో దానితో ఒక వృద్ధురాలి ప్రాణం నిలిచింది. ఈనాడు యంత్రాలు ఎంతో మెరుగుపడినాయి. అయినా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మంచానికి అంటుకుని వుండాలి. రాత్రింబగళ్లు ఉచితంగా జరిగిన పనికి అదీ ప్రత్యామ్నాయం!

తోటల సీమలో దుఃఖం

మన నర్సీపట్నం రోడ్ స్టేషను మీదుగా కలకత్తా వైపు పోయే రైలుమార్గంలోనే, శ్రీకాకుళం దాటినాక పలాస వస్తుంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం — సముద్రపు టొడ్డున కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా వుండే ఈ ప్రాంతమే ఉద్దానం. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమయిందంటారు. కంటికి కోనసీమలా వుండే ఆ వూళ్లలో కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఇల్లిల్లూ తిరుగుతున్నది.

2019లో అచ్చయిన ఒక సర్వేలో అక్కడి వయోజనులలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి జబ్బు కనిపించింది. అందులోనూ ఎక్కువమందికి మధుమేహం, రక్తపు పోటు వంటి తెలిసిన కారణాలేవీ లేవు. ఎక్కువగా ఎండలో పనిచేసే రైతులూ, కూలీలూ. వడపోసే వుండల కంటె సర్దే గొట్టాల చుట్టూ దెబ్బ ఎక్కువ. అంచేత మూత్రంలో ఆల్బుమిన్ కూడా అంతగా కనిపించదు. వాపులు లేవు, నొప్పి లేదు. ముప్ఫయి, నలభై ఏళ్ల మనిషి ఒకనాడు పొలం నుంచి వచ్చి, ఆకలి లేదని పడుకుంటాడు. అప్పటికే ఆలస్యం.

ఇటువంటి జబ్బే శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య పరగణాలోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్, నికరాగ్వా దేశాలలో చెరకు నరికే కూలీలలోనూ కనిపించింది. నీటిలోని సిలికానా, లోహాలా, పురుగుమందులా, ఎండదెబ్బా, నొప్పిమాత్రలా — ఒక్కొక్క అనుమానమూ పరిశోధిస్తూనే వున్నారు. ఏ ఒక్కటీ నేరస్థుడని రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయినాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఆ వూళ్లకు తెచ్చే పథకమూ అప్పుడే మొదలయింది.

కారణం తేలేవరకు చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. మధ్య అమెరికాలో కొన్ని చెరకు తోటలలో నీడ, నీరు, విశ్రాంతి — ఈ మూడూ లెక్కప్రకారం ఇచ్చి చూశారు. కూలీల మూత్రపిండాలకు తగిలే దెబ్బ తగ్గినట్టు కనిపించింది. అనకాపల్లి బెల్లం మనకెంత ఇష్టమో చెప్పనక్కరలేదు. ఆ చెరకు నరికేవాడికి మిట్టమధ్యాహ్నం ఒక చెట్టు నీడా, ఒక కుండెడు చల్లని నీళ్లూ ఇవ్వటం రైతుకు పెద్ద ఖర్చు కాదు.

నాన్నగారి సంగతి

ఇక మా ఇంటి కథ. నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులు. ఎవరో చెప్పిన మాత్ర మందుల షాపులో కొనుక్కుని, కాఫీ తాగినంత నియమంగా ఎనిమిదేళ్లు మింగారు. "సుఖంగా వుందిరా" అనేవారు. మేమూ తెచ్చి ఇచ్చేవాళ్లం. ఉగాది వెళ్లాక కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. అప్పుడు డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లాం. రక్తపు పోటు 170. క్రియాటినిన్ 2.6.

"ఒక్కనాడైనా నడుం నొప్పి పెట్టలేదండీ! చలికి లేస్తున్నాననుకున్నాను" అన్నారు నాన్నగారు ఆశ్చర్యంగా.

"అదేనండి మాస్టారూ వాటి గుణం. అవి చెప్పవు. మనమే అడగాలి" అన్నారు డాక్టరుగారు.

ఆయన విడమరిచి చెప్పారు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ జాతి నొప్పిమాత్రలు మూత్రపిండంలోకి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తాయి. ఒకటి రెండు రోజులు, వైద్యుడు చెప్పిన మోతాదులో వాడితే ఆరోగ్యవంతుడికి సాధారణంగా ప్రమాదం లేదు. ఏళ్ల తరబడి, అందులోనూ ఎండలో నీళ్లు తాగక, రక్తపు పోటు చూపించుకోక మింగితే ముప్పు. మాస్టారి విషయంలో మాత్ర ఎంత, రక్తపు పోటు ఎంత అని వాటాలు వేసి చెప్పలేమన్నారు. రెండూ కలిసే చేశాయి. చెట్టు పసరులు, పేరులేని భస్మాలు కూడా వద్దన్నారు.

ఆనాటి నుంచి ఆ మాత్ర మా ఇంటి గడప తొక్కలేదు. రక్తపు పోటుకు మందు, ఉదయం సాయంత్రం లెక్క. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అన్నారు. అంటే ఒక చెంచాడు. మా అమ్మ ఆవకాయ జాడీ అటక మీదకు ఎక్కించి నిచ్చెన దాచేసింది. నాన్నగారు అలిగారు, ఒక పూట భోజనం మానారు, తర్వాత సర్దుకున్నారు. రెండేళ్లయింది. మొన్న పరీక్షలో క్రియాటినిన్ 2.5. తగ్గలేదు, పెరగలేదు. పోయినవి రావు గాని, వున్నవి నిలిచాయి. "పెన్షను పెరగకపోయినా ఫరవాలేదు, ఆగకుండా వస్తే చాలు" అంటారాయన.

ఇంతకూ చదువరులు చేయవలసినది కొంచెమే. ఇంట్లో మధుమేహం గాని, రక్తపు పోటు గాని వున్నవాళ్లు ఏడాదికి ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. 60 దాటినవాళ్లూ, కుటుంబంలో ఈ జబ్బు వున్నవాళ్లూ కూడా డాక్టరును అడిగి చేయించుకోవటం మంచిది. నీళ్లు ఇన్ని గ్లాసులని అందరికీ ఒకే లెక్క లేదు. మూత్రం లేత పసుపుగా వచ్చేటట్టు తాగితే సరి. జబ్బు వున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటరాదు. వాళ్లకు నీళ్లు ఎక్కువైనా కీడే. కొత్తగా రాత్రిళ్లు లేవటం, మూత్రంలో తగ్గని నురగ, ఉదయం ముఖంలోనో సాయంత్రం కాళ్లలోనో వాపు — ఇవి కనిపిస్తే పండుగ వెళ్లాక చూద్దామని వాయిదా వెయ్యకండి.

ఈ సంక్రాంతికి మళ్లీ లంబసింగి వెళ్లాం. తెల్లవారి నెగడు దగ్గర చిన్నది తాతగారిని పట్టుకుంది.

"తాతయ్యా, ఎన్నిసార్లు లేచావు?"

"నాలుగు."

"ఇంటి దగ్గరైతే?"

"రెండు, మూడు."

అది వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "అయితే మిగిలినవి చలివి" అని తేల్చింది. రెండేళ్ల క్రిందట మేము పెద్దవాళ్లం వెయ్యవలసిన లెక్క అదే.